చేతిలో యంత్రము – చేతలలో చదువు

అనంతసాగరము అను పేరులోనే సాగరమున్నది. నెల్లూరు జిల్లా పశ్చిమ భాగమున, ఆత్మకూరుకు చేరువనున్న ఈ మండలములోనే సోమశిల వద్ద పెన్నానదికి అడ్డముగా ఆనకట్ట కట్టబడినది. 78 టి.యం.సి.ల నీటిని నిలువ చేయగల ఈ జలాశయము దిగువనున్న వేలాది రైతు కుటుంబములకు ప్రాణాధారము. అయినను ఈ సీమలో రైతు నోట ఏ కాలమునందైనను వినవచ్చు ప్రశ్న యొక్కటే: నీరెంత యున్నది? చెరువులో నీరెంత? తొట్టిలో నీరెంత? మడిలో తడి యెంత? కంటి అందాజుతో చెప్పు సమాధానము వేరు, కొలిచి చెప్పు సమాధానము వేరు.

ఈ నెల మేము పాఠకుల ముందుంచుచున్న పాఠము కొలుచుటను గూర్చినదే. అరచేతిలో ఇమిడిపోవు చిన్న యంత్రములు నేడు బడిపిల్లలకు అందుబాటులోనికి వచ్చినవి. ఇవి మనము వ్రాసి యిచ్చిన ఆజ్ఞల ప్రకారము పరిసరములను గమనించి, తీర్మానించి, పనిచేయును. వీటితో పిల్లలకు చేతిపని ద్వారా కంప్యూటరు విద్య నేర్పవచ్చును. అట్లు నేర్పుట ఎట్లో, అందు పాటింపవలసిన జాగ్రత్తలేవో గ్రామోపాధ్యాయులకును, పంచాయతీ పెద్దలకును, తలిదండ్రులకును తెలియజేయుటయే మా ఉద్దేశము.

ఈ యంత్రమేమి?

కంప్యూటరనగానే బల్లమీద తెరయు, మీటల పలకయు మన మనస్సునకు తట్టును. ఇప్పుడు మేము చెప్పునది అట్టిది కాదు. మైక్రోబిట్ అను పలకను చూడుడు. సుమారు అయిదు సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు గల బిళ్ల అది. దానిపై వరుసకు అయిదు చొప్పున అయిదు వరుసలలో 25 చిన్న దీపములు, రెండు మీటలు ఉండును. వెలుతురును, వేడిమిని, కదలికను అది గుర్తింపగలదు. అంచున తీగలు తగిలించుటకు పెద్ద రంధ్రములున్నవి. రెండు చిన్న బ్యాటరీ సెల్లులతో, అనగా మూడు వోల్టుల విద్యుత్తుతో, అది పనిచేయును.

ఆర్డుయినో అను మరియొక పలక కలదు. అది 2005 ప్రాంతమున ఇటలీ దేశములోని ఇవ్రేయా పట్టణమున విద్యార్థుల కొరకై రూపొందింపబడినది. దాని నిర్మాణ పటమును ఎవరైనను వాడుకొనవచ్చునని రూపకర్తలు ప్రకటించుటచే, అట్టి పలకలను లోకమంతటను అనేకులు తయారు చేయుచున్నారు. అందువలననే అవి మన పట్టణములలో కొన్ని వందల రూపాయలకే దొరకుచున్నవి. మైక్రోబిట్టును 2016లో బ్రిటనులో సుమారు పది లక్షలమంది పిల్లలకు ఉచితముగా పంచిరి. ఆ పిల్లలు పదునొకండు, పండ్రెండేండ్ల వయస్సువారు. మన లెక్కన ఆరవ, ఏడవ తరగతుల వారు.

ఈ యంత్రములన్నిటి పని మూడు మాటలలో చెప్పవచ్చును: చూచుట, తీర్మానించుట, చేయుట. మన కన్ను చూచును, బుద్ధి తీర్మానించును, చేయి పనిచేయును. యంత్రమునకు సెన్సారు కన్ను, ప్రోగ్రాము బుద్ధి, దీపము, గంట, మోటారు చేతులు. మధ్యనున్న బుద్ధిని మాత్రము మనమే వ్రాసి యియ్యవలెను. అందుచేత యంత్రము తెలివియు మనదే, తప్పును మనదే.

ఈ విద్య క్రొత్తదియా?

చేతితో చేయుచు నేర్చుకొను విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. 1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభయందు గాంధీమహాత్ముడు చేతివృత్తి మూలముననే చదువు చెప్పవలెనని బోధించెను. రాట్నము త్రిప్పుచు లెక్కలు నేర్వవచ్చునన్నది ఆ పద్ధతి సారము. ముప్పది సంవత్సరముల పిమ్మట, 1967లో, అమెరికాలో సీమోర్ పాపర్టు మొదలగువారు పిల్లలకొరకు లోగో అను కంప్యూటరు భాషను సిద్ధపరచిరి. ఆ భాషలో ఆజ్ఞ యిచ్చినచో నేలమీద తాబేలువంటి యంత్రము నడచి గీతలు గీయును. గీత వంకరయైనచో పిల్లవాడు తన ఆజ్ఞలో తప్పెక్కడనో తానే వెదకుకొనును. వార్ధాలోని రాట్నమునకును, ఆ తాబేలునకును దేశములు వేరైనను భావమొక్కటియే. చేతికి తగిలిన వస్తువు బుద్ధికి త్వరగా తగులును.

మన దేశమున 2016లో నీతి ఆయోగ్ ఆధ్వర్యమున అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఏర్పడినది. దాని క్రింద ఆరు మొదలు పండ్రెండవ తరగతివరకు గల పిల్లలకై పాఠశాలలలో అటల్ టింకరింగ్ ల్యాబులు నెలకొల్పబడినవి. ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయము చేయు ఈ పథకము క్రింద దేశములో పదివేల ల్యాబులు వెలసినవి. రానున్న అయిదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలలో మరి 50,000 ల్యాబులు నెలకొల్పబడునని 2025 కేంద్ర బడ్జెటులో ప్రకటించిరి. 2020 జాతీయ విద్యావిధానము కూడ ఆరవ తరగతి మొదలుకొని కోడింగు నేర్పవలెనని చెప్పినది. కావున వస్తువులు గ్రామమునకు వచ్చు రోజు వచ్చినది. వాటితో ఏమి చేయవలెనన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

మొదటి పాఠము: యంత్రము లేకుండ

మొదటి దినమున యంత్రము ముట్టవలసిన పనిలేదు. ఒక పిల్లను యంత్రముగా నిలువబెట్టుడు. ఆమె స్వయముగా ఏమియు ఆలోచింపరాదు. పలకమీద వ్రాసినది మాత్రమే చేయవలెను. పలకమీద ఇట్లు వ్రాయుడు: "ఎదుటివాడు చేయి యెత్తినచో చప్పట్లు కొట్టుము, లేనిచో ఊరకుండుము, మరల మొదటికి రమ్ము." ఎదుటి పిల్లవాడు చేయి యెత్తి దించకుండ నిలబడును. ఆమె చప్పట్లు కొట్టుచునే యుండును. తరగతియంతయు నవ్వును. అప్పుడు అడుగుడు: "ఒక్కసారి మాత్రమే కొట్టవలెనన్నచో ఏమి వ్రాయవలెను?" పిల్లలు తమలో తాము వాదించుకొని దారి కనుగొందురు.

ఇందు ప్రోగ్రాము విద్యకు మూలమైన మూడు సంగతులును వచ్చినవి: వరుసగా చేయుట, షరతు పెట్టుట, మరల మరల చేయుట. "అయినచో – లేనిచో" అను మాట తెలుగులో బోధపడిన పిల్లకు తెరమీది ఏ భాషయు కష్టము కాదు.

రెండవ పాఠము: తొట్టిలో నీరెంత?

ఇప్పుడు యంత్రమును బయటికి తీయుడు. కావలసినవి: ఒక మైక్రోబిట్టు, దాని సెల్లుల పెట్టె, నాలుగు పొడుగాటి తీగలు, ఒక ప్లాస్టిక్ బాల్చీ, నీరు. తీగల కొనలయందు మాత్రము ఒక అంగుళము మేర పైపొర ఒలువవలెను. మిగిలిన తీగయంతయు పొరతోనే యుండవలెను.

పలక అంచున గ్రౌండు అను గుర్తుగల చోట ఒక తీగ తగిలించి, దాని కొనను బాల్చీ అడుగున ఉంచుడు. 0, 1, 2 అను గుర్తులు గల చోట్ల తక్కిన మూడు తీగలు తగిలించుడు. 0 తీగ కొన బాల్చీలో పావువంతు ఎత్తునను, 1 తీగ కొన సగము ఎత్తునను, 2 తీగ కొన పైయంచునకు కొంచెము దిగువను వ్రేలాడవలెను. నీరు పైకి వచ్చి ఒక తీగకొనను తాకినపుడు, ఆ తీగనుండి గ్రౌండు తీగకు నీటిగుండ అతిస్వల్పమైన విద్యుత్తు ప్రవహించును. మన బోరునీటిలో, చెరువునీటిలో లవణములు కరిగి యుండుటచే అది సాధ్యమగుచున్నది. "ఈ పిన్ను తాకబడినదా?" అని ప్రోగ్రామునందు అడిగినచో యంత్రము ఔననియో, కాదనియో చెప్పును.

ప్రోగ్రామును మాటలలో ఇట్లు వ్రాయవచ్చును: "2 తాకబడినచో మూడు వరుసల దీపములు వెలిగించుము. లేనిచో, 1 తాకబడినచో రెండు వరుసలు. లేనిచో, 0 తాకబడినచో ఒక వరుస. లేనిచో దీపములన్నియు ఆర్పుము. మరల మొదటికి రమ్ము." మేక్‌కోడ్ అను సాధనమునందు ఈ మాటలు రంగురంగుల దిమ్మెలుగా నుండును. పిల్లలు వాటిని ఒకదానిక్రింద నొకటి అతికింతురు. తయారైన ప్రోగ్రామును పెన్‌డ్రైవులోనికి ఫైలు ఎక్కించినట్లే తీగద్వారా పలకలోనికి ఎక్కింపవచ్చును. ఆ పిమ్మట కంప్యూటరుతో పనిలేదు. సెల్లులు తీసివేసినను ప్రోగ్రాము చెరిగిపోదు.

ఇచ్చట ఉపాధ్యాయుడు ఒక ఉపాయము చేయవలెను. 2ను మొదట అడుగుటకు బదులు 0ను మొదట అడుగునట్లు వరుస మార్చుడు. బాల్చీ నిండినను ఒక్క వరుస దీపములే వెలుగును! ఏల? నీరు పైతీగను తాకినపుడు క్రిందితీగ కూడ నీటిలోనే యున్నది. మొదటి ప్రశ్నకే "ఔను" అని సమాధానము వచ్చుటచే యంత్రము తక్కిన ప్రశ్నలను అడుగనే లేదు. తీగలు సరియైనవే, పలక సరియైనదే, ఆజ్ఞలన్నియు సరియైనవే. వరుస మాత్రమే తప్పు. ఈ సంగతి పిల్లలు తామే కనుగొనువరకు ఉపాధ్యాయుడు ఓర్పుతో ఉండవలెను. చెప్పివేసినచో పాఠము అయిపోవును గాని చదువు రాదు.

యంత్రము తొందరపడినచో

ఇక బాల్చీలోనికి చెంబుతో పైనుండి నీరు పోయుడు. నీరు చిందినపుడు, అలలు లేచినపుడు బాల్చీ నిండకుండగనే దీపములు మూడు వరుసలును ఒక్క క్షణము వెలిగి ఆరును. మరియొక చిక్కు: తీగలన్నిటిని ఒకే కర్రకు కట్టినచో, నీరు దిగిపోయిన తరువాత గూడ తడిసిన కర్రమీదుగా విద్యుత్తు ప్రవహించి, నీరున్నట్లే యంత్రము చెప్పుచుండును. రెండవదానికి మందు తీగలను దేనికి తగులకుండ విడివిడిగా వ్రేలాడదీయుట. మొదటిదానికి మందు ప్రోగ్రాములో నున్నది: "సెకండుకొకసారి చొప్పున పదిసార్లు చూడుము. పదిసార్లును ఔనన్నచో మాత్రమే నమ్ముము."

ఇది పిల్లల ఆటయని తీసివేయరాదు. నెల్లూరు సీమవారికి చిరపరిచితమైన శ్రీహరికోటలోనే ఇట్టి సంగతి జరిగినది. 2022 ఆగస్టు 7న అచ్చటినుండి ఎస్.ఎస్.ఎల్.వి. అను చిన్న రాకెట్టు మొదటిసారి ఎగిరినది. అందు ఆజాదీశాట్ అను ఉపగ్రహముండెను. దాని బరువు సుమారు ఎనిమిది కిలోలు. దానిలో ఒక్కొక్కటి 50 గ్రాముల తూకముగల 75 చిన్న పరికరములుండెను. వాటిని దేశమందలి గ్రామప్రాంతముల ఆడపిల్లలు, చెన్నైలోని స్పేస్ కిడ్జ్ ఇండియా సంస్థవారి సహాయముతో, తమ చేతులతో కూర్చిరి. రాకెట్టు అంచెలన్నియు సరిగనే మండినవి. కాని రెండవ అంచె విడిపోవునపుడు స్వల్పకాలము కలిగిన కంపనమువలన వేగపు మార్పును కొలుచు సెన్సార్ల అంకెలు హద్దు మీరెను. సెన్సార్లు చెడిపోయినవని రాకెట్టులోని ప్రోగ్రాము తీర్మానించి, ఆపద్ధర్మ మార్గమును పట్టినది. సెన్సార్లు నిజముగా చెడిపోలేదు. ఉపగ్రహములు చాలినంత వేగము లేక, నిలువదగని కక్ష్యలో పడి నశించినవి.

ఆ పిల్లల శ్రమ అంతటితో ముగియలేదు. లోపమును విచారించి సరిదిద్దిన పిమ్మట 2023 ఫిబ్రవరి 10న రెండవ రాకెట్టు శ్రీహరికోటనుండియే లేచి, సుమారు 750 మంది విద్యార్థినుల కృషి ఫలమైన ఆజాదీశాట్-2ను సరియైన కక్ష్యలో నిలిపినది.

క్షణికమైన కుదుపును శాశ్వతమైన చేటుగా నమ్మరాదన్న పాఠము బాల్చీలోను ఉన్నది, ఆకాశములోను ఉన్నది. కాని ఇందు మరియొక సూక్ష్మము గలదు. బాల్చీకి పది సెకండ్లు ఆగినను నష్టములేదు. రాకెట్టునకు అంత వ్యవధి యుండదు. ఎంతసేపు చూచి నమ్మవలెనన్నది పనినిబట్టి, ఆపదనుబట్టి తీర్మానింపవలసిన సంగతి. దీనిని గూర్చి పిల్లలచేత వాదన చేయింపుడు.

మూడవ పాఠము: మట్టిలో తడి

రెండు జింకుపూత మేకులను రెండంగుళముల ఎడముగా మట్టిలో గ్రుచ్చి, ఒకదానిని మూడు వోల్టుల చోటికిని, రెండవదానిని 0 పిన్నునకును కలుపుడు. ఇప్పుడు ఔను, కాదు అను సమాధానము గాక, 0 నుండి 1023 వరకు గల అంకెను అడుగవచ్చును. తడి హెచ్చిన కొలది విద్యుత్తు సులభముగా ప్రవహించి అంకె పెరుగును.

ఎంత అంకె వచ్చినచో నీరు పెట్టవలెను? ఈ ప్రశ్నకు పుస్తకములో సమాధానము వెదకరాదు. మీ ఊరి ఎర్రమట్టి యొక డబ్బాలోను, నల్లమట్టి యొక డబ్బాలోను తీసికొనుడు. ఎండినపుడు ఎంత, ఒక గ్లాసు నీరు పోసిన తరువాత ఎంత, రెండు గ్లాసులు పోసిన తరువాత ఎంత, మరునాటి ఉదయమున ఎంత – అన్నియు నోటుపుస్తకములో వ్రాయుడు. రెండు మట్టుల అంకెలు వేరువేరుగా వచ్చును. ఎరువు కలిపిన మట్టిలో లవణముల వలన అంకె మరల మారును. ప్రతి నేలకు దాని లెక్క దానిదే. చేతితో పిడికిలి పట్టి మట్టి తడి చెప్పగల పెద్దరైతును బడికి పిలిచి, ఆయన మాటను, యంత్రపు అంకెను ప్రక్కప్రక్కన వ్రాయించినచో అంతకు మించిన పాఠము లేదు.

మేకులలో ఎల్లప్పుడు విద్యుత్తు పారుచున్నచో అవి త్వరగా తుప్పుపట్టి అంకెలు తప్పును. కావున కొలుచునపుడు మాత్రమే విద్యుత్తు పంపి, వెంటనే ఆపవలెను.

దాటరాని గీత

ఒక గ్రామమున ఈ యంత్రమును చూపినపుడు ఒక పెద్దరైతు మమ్ములను అడిగెను: "అయ్యా, రాత్రిపూట మోటారు కట్టేయడానికి పొలానికి పోతున్నాను. పాము భయం ఒకటి, కరెంటు భయం ఒకటి. ఈ బిళ్ల నా మోటారును ఆపుతుందా?" ఆయన ప్రశ్న న్యాయమైనది. ఈ విద్యకు సార్థకత అట్టి ప్రశ్నలవలననే కలుగును. అట్టి ఏర్పాట్లు ఉన్నవి. కాని మోటారుకు వచ్చు విద్యుత్తు మూడు వోల్టులది కాదు. అది ప్రాణము తీయగల విద్యుత్తు. తొట్టి నిండినదని దీపము వెలిగించువరకే పిల్లల పని. స్టార్టరు పెట్టె తెరచుట, దానికి రిలే కలుపుట అనుమతిగల ఎలక్ట్రీషియను పని. ఈ గీతను ఏ పిల్లయు దాటరాదు, ఏ ఉపాధ్యాయుడును దాటనీయరాదు.

ప్రయోగములు బాల్చీలోనే జరుగవలెను. పిల్లలను చెరువునకు, కాలువకు, బావికి తీసికొనిపోరాదు. సెల్లులను నీటిలో పడనీయరాదు. పలకపై తడిచేయి పెట్టరాదు.

మరియొక హెచ్చరిక. 2021 నవంబరు 19న కడప సీమలో చెయ్యేటిపై నున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, దిగువ గ్రామములలో ప్రాణనష్టము జరిగినది. ఆ చెయ్యేరు సోమశిలకు ఎగువన పెన్నలో కలియును. ఇట్టి ఆపదలలో బడిలో చేసిన పరికరమును నమ్ముకొని ఎవరును ఇంటిలో కూర్చుండరాదు. అధికారుల హెచ్చరికనే పాటింపవలెను. అయితే నీటిమట్టమును స్వయముగా కొలిచిన పిల్ల ఇంటిలో నున్నచో, "ఎంత నీరు వచ్చుచున్నది? ఎంత వదలుచున్నారు? గంటగంటకు ఎంత పెరుగుచున్నది?" అని అడుగవలెనని ఆ ఇంటికి తెలియును. ఆ ప్రశ్నలు అడుగ నేర్చిన ఊరు సకాలమున కదలును.

ఉపాధ్యాయ సోదర సోదరీమణులకు

తరగతిలో పలకకు ముగ్గురి చొప్పున జట్లు చేయుడు. ఒకరు తీగలు కలుపవలెను, ఒకరు ప్రోగ్రాము కూర్పవలెను, ఒకరు పుస్తకములో వ్రాయవలెను. ప్రతి పాఠమునకు పనులు మారవలెను. తీగలు మగపిల్లలకు, పుస్తకము ఆడపిల్లలకు అను అలవాటును మొదటి దినముననే మాన్పింపుడు.

మీట నొక్కుటకు ముందు, "ఏమగునని నీవనుకొనుచున్నావు?" అని అడిగి వ్రాయింపుడు. అనుకొన్నది కానపుడే చదువు మొదలగును. యంత్రము పనిచేయనిచో మూడు ప్రశ్నలు వరుసగా అడుగుట నేర్పుడు: విద్యుత్తు వచ్చుచున్నదా? తీగ గట్టిగా తగిలినదా? ప్రోగ్రాము సరియైన పిన్నునే అడుగుచున్నదా? ఒక్కసారి ఒక్కదానినే మార్చవలెను. రెండు మార్చినచో దేనివలన బాగుపడినదో తెలియదు. కంప్యూటరు ఒక్కటే యున్నను, ఇంటర్నెట్టు రాకున్నను చింతింపవలదు. ప్రోగ్రామును మొదట పలకమీదనే వ్రాయించి, జట్లు వంతులవారీగా ఎక్కించుకొనవచ్చును.

తాళము తీయుడు

చివరకు ఒక మాట. మేము గ్రామములలో తిరుగునపుడు ఒక బడిలో ఇట్టి పరికరముల పెట్టె బీరువాలో తాళము వేసి యుండుట చూచితిమి. వచ్చినప్పటి అట్టపెట్టె, ప్లాస్టిక్ సంచులు చెక్కు చెదరలేదు. లోపల సెల్లులు మాత్రము కారిపోయి యుండెను. తాళము వేసినవారిది దురుద్దేశము కాదు. "పిల్లలు పాడుచేసినచో లెక్క ఎవరు చెప్పవలెను?" అన్న భయము వారిది. ఆ భయము మాకును తెలియును. ప్రభుత్వ కొలువులో నున్న ప్రతివానికిని తెలియును. కాని ఆలోచింపుడు: పిల్లల చేతిలో విరిగిన తీగకు ఒక పాఠము మిగులును, బీరువాలో కారిపోయిన సెల్లునకు ఏమియు మిగులదు.

కావున పాఠశాల యాజమాన్య కమిటీలవారు, పంచాయతీ పెద్దలు ముందునకు రావలెను. వాడుకలో పాడైన తీగలు, సెల్లులు, మేకులు తరుగుగా వ్రాసికొనవచ్చునని తీర్మానము చేసి ఉపాధ్యాయునకు ధైర్యము చెప్పవలెను. కొద్దిపాటి తీగలు, సెల్లుల ఖర్చు ఊరికి భారము కాదు. నెలకొక సాయంకాలము పిల్లలు తాము చేసినది ఊరివారికి చూపునట్లు ఏర్పాటు చేయవలెను. తలిదండ్రులు వచ్చి చూడవలెను. చూచి, తమ పొలములోని ప్రశ్నను పిల్లలకు ఇయ్యవలెను.

సోమశిలలో నీరెంత నిలిచినను, దానిని కొలిచి, పంచి, పొదుపుగా వాడు బుద్ధి లేనిచో ఆ నీరు చాలదు. ఆ బుద్ధి ఒక బాల్చీ, నాలుగు తీగలు, ఒక చిన్న పలకతో ఆరవ తరగతిలోనే మొదలు కావచ్చును. మీ ఊరి బడిలో అట్టి పెట్టె యున్నదేమో ఈ వారమే వెళ్లి కనుగొనుడు. ఉన్నచో తాళము తీయింపుడు.